పేలని తూటా

నవంబరు పదహారు, ఆదివారం. ఆ పొద్దున చంద్రప్ప తిన్నది చిత్రాన్నం. నిమ్మకాయ కొంచెం ఎక్కువైంది. వేయించిన చెనిక్కాయ విత్తనాలన్నీ గిన్నె అడుగున చేరాయి. రెండు గ్లాసుల బియ్యం వేయడం ఆయన చేతికి అలవాటు. వెంకటలక్ష్మమ్మ పోయి మూడేళ్ళయినా ఆ చెయ్యి ఒక గ్లాసు దగ్గర ఆగడం నేర్చుకోలేదు. అందుకని ప్రతి ఆదివారం రెండో గ్లాసు అన్నం స్టీలు డబ్బాలో కూర్చుని, ఆయనతోపాటు హిందూపురంలో పెనుకొండ బస్సెక్కుతుంది.

ఆ డబ్బాను ఖాళీ చేసే మనిషి షహీన్. డిగ్రీ రెండో సంవత్సరం. పరుపులు కుట్టే అల్లాబక్ష్ కూతురు. బస్సు సోమందేపల్లి దాటేలోపు డబ్బా మూత తీసి, పెనుకొండ కొండ కనిపించేలోపు అడుగు గీకేస్తుంది. ఆ రోజు మాత్రం రెండు పిడికిళ్ళు తిని మూత పెట్టేసింది.

"ఏం పాపా, పులుపెక్కువైందా?"

"లేదు సార్. ఈ పొద్దు తుపాకీతో నలభై గుళ్ళు కాల్చాల కదా. కడుపు నిండుగా ఉంటే పండుకొని కాల్చేదానికి కాదు."

చంద్రప్ప డబ్బాను సంచిలో పెట్టుకున్నాడు. కడుపు సంగతి కాదని ఆయనకు తెలుసు.

రైఫిల్ క్లబ్బు కొండకు పడమటి వైపు బీడు నేలలో ఉంది. ఒక రేకుల షెడ్డు, తుపాకులు పెట్టే ఒక రాతి గది, దానికి ఇనుప తలుపు. ఎదురుగా పొడుగాటి మైదానం, దాని చివర ఇంటి ఎత్తు మట్టికట్ట. యాభై మీటర్ల దగ్గర చిన్న తుపాకీ టార్గెట్లు, మూడు వందల మీటర్ల దగ్గర పెద్ద తుపాకీవి. చిన్న తుపాకీ పేలితే చప్పట్లు కొట్టినంత శబ్దం. పేలినట్టు భుజానికి తెలియను కూడా తెలియదు. పెద్దది తంతుంది. ఆ మాట క్లబ్బులో అందరూ అదే విధంగా, దాన్నొక జంతువులా తలుచుకుని అంటారు.

కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన చంద్రప్ప తుపాకీ పట్టుకోడు. ఆయన పని టెలిస్కోపు. చాపమీద కూర్చుని, గుండు ఎక్కడ పడిందో, పదికి ఎంత వచ్చిందో చూసి చెబుతాడు. చిన్న తుపాకీలో షహీన్ గుళ్ళన్నీ రూపాయి బిళ్ళంత చోటులో పడడం చూసి, ఈ పాపకు పెద్దది ఇవ్వమని ఆగస్టులో చెప్పింది ఆయనే. ఆ సంగతి ఇప్పుడు ఆయన్ను ముల్లులా గుచ్చుతోంది.

షహీన్ పడుకుంది. కుడి భుజం దగ్గర, కోటు కింద నాయన కుట్టిచ్చిన మెత్త సర్దుకుంది. మొదటి గుండు.

"తొమ్మిది, కొంచెం పైన," అన్నాడు చంద్రప్ప.

రెండోది ఏడు. మూడోది ఆరు, కింద. తరువాత అన్నీ కిందే, ఎడమ వైపు. ఎనిమిదోది టార్గెట్టునే తాకలేదు. మట్టికట్ట ముందు దుమ్ము లేచింది.

"భయం!" అన్నాడు వెనక నిలబడ్డ ఎర్రిస్వామి. ఆయన ఆర్మీలో ఇరవై రెండేళ్ళు చేసి వచ్చిన హవల్దారు. క్లబ్బుకు మాస్టరు. అరవై ఏళ్ళ వయసులోనూ నిటారుగా నిలబడతాడు. "తుపాకీలో ఏం తప్పు ల్యా. భయమే తప్పు. భుజం ముదరాల. నలభై కాల్చు, నలభై అయినాక మాట్లాడు."

తొమ్మిదో తూటా పేలలేదు. పాత సరుకు, అప్పుడప్పుడూ అలా జరుగుతుంది. షహీన్ మీట నొక్కింది. టక్‌మని చిన్న చప్పుడు. అంతే. కానీ తుపాకీ మూతి మాత్రం బెత్తెడు కిందికి వంగింది. ఆమె భుజం ముందుకు తోసుకొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

పక్క చాపమీద పవన్ పకపకా నవ్వాడు. ఎర్రమంచి కారు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడు, దున్నపోతంత భుజాలు. "తుపాకీ తన్నలేదు షహీనా! నువ్వే దాన్ని తన్నినావు!"

"సూసినారా సార్?" అన్నాడు ఎర్రిస్వామి. "పేలకుండానే భయపడింది. గురువారం పోటీకి లిస్టు పంపియ్యాల నేను. ఆడపిల్లల్లో మనకుండేది ఒక్క పేరు. ఇట్లే ఉంటే ఆ పేరు కొట్టేస్తా. వచ్చే ఆదివారం ధర్మవరంలో నాలుగు క్లబ్బుల ముందర నా పరువు పోగొట్టుకోలేను."

షహీన్ నియమం ప్రకారం తుపాకీని మట్టికట్ట వైపే ఉంచి, మనసులో ముప్పై లెక్కపెట్టి, పేలని తూటాను బయటికి తీసి పక్కన పెట్టింది. మళ్ళీ నింపింది. నలభై పూర్తి చేసింది. చివరి పది గుళ్ళప్పుడు ఆమె చెంప తడిగా ఉందని చంద్రప్ప గమనించాడు. ఆ పదింట్లో తొమ్మిది నేలపాలైనా ఆమె లేవలేదని కూడా గమనించాడు. భయపడే మనిషి అయితే ఇరవై దగ్గరే లేచి పోయేది అనుకున్నాడు.

సాయంత్రం తుపాకులు తుడిచి, నూనె రాసి, గదిలో పెట్టారు. ఎర్రిస్వామి ఇనుప తలుపు మీద చెయ్యి వేశాడు. ప్రతిరోజూ ఆయన ఆ తలుపును ధన్‌మని వేస్తాడు. చెవులు గట్టిపడాలని ఆయన ఉద్దేశం. ఆ రోజు చంద్రప్ప ఒక వింత చూశాడు. తలుపు ఇంకా కదలలేదు. ఎర్రిస్వామి చెయ్యి దానిమీద పడిందంతే. షహీన్ కళ్ళు మూసుకున్నాయి. పవన్ కళ్ళూ మూసుకున్నాయి. చూస్తూ చూస్తూనే తన కళ్ళు కూడా మూసుకున్నాయి.

ధన్!

బస్సులో అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు. తలుపుకు భయపడేది ఎవరు? ఎవరూ లేరు. రెప్పలు నేర్చుకున్నాయి. మనిషిని అడక్కుండా, అవే నేర్చుకున్నాయి. రెండు గ్లాసుల దగ్గర తన చెయ్యి నేర్చుకున్నట్టే.

"దెబ్బ యాడ తగిలింది పాపా?"

షహీన్ భుజం చూపలేదు. దానికి నాలుగు వేళ్ళ కింద, చెయ్యి మొదలయ్యే చోటు చూపించింది. "ఈడ సార్. నల్లగా కమిలింది. మా నాయనకు చెప్పొద్దండి."

"భుజం గుంటలో ఆనిస్తావు కదా. ఆడికెట్ల వచ్చింది?"

"ఏమో సార్. ఆడ పెడితే ఈడికి వస్తాది."

*

సోమవారం పొద్దున చంద్రప్ప అల్లాబక్ష్ అంగడికి వెళ్ళాడు. దూది ఏకే మిషను ఆగి ఉంది గానీ గాల్లో దూది ఇంకా తేలుతూనే ఉంది. అల్లాబక్ష్ కనుబొమ్మల మీద, మీసం మీద తెల్లగా పేరుకుంది. పెద్ద సూదితో పరుపు అంచు కుడుతున్నాడు.

"రాండి సార్, రాండి. పరుపా, తలగడా?"

"రెండూ కాదప్పా. పాపకు కుట్టిచ్చినావు కదా భుజానికి, ఆ మెత్త చూడాల."

అల్లాబక్ష్ ముఖం వెలిగింది. లోపలికి వెళ్ళి రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చాడు. అరచేతికి కొంచెం పెద్దది. నెమలికంఠం రంగు పట్టు, అంచున సన్నటి జరీ.

"ధర్మవరంలో మా చెల్లెలు హజరాబీ ఉండాది. మగ్గాల వాండ్ల దగ్గర ముక్కలు తెచ్చి అమ్ముతాది. పాప తుపాకీ నేర్చుకుంటాందంటే ఏరి ఏరి పంపిచ్చింది సార్. లోపల దూది నేనే రెండుసార్లు ఏకినా. రాజుల బిడ్డకు కూడా ఇట్లాంటిది ఉండదు."

చంద్రప్ప దాన్ని తన భుజం మీద పెట్టుకుని, గోడకు ఆనించిన కొలకర్ర తీసుకుని దాని చివర మెత్తకు ఆనించాడు. కొంచెం నొక్కాడు. కర్ర సర్రున జారి చేతి మీదికి వచ్చింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే.

అల్లాబక్ష్ సూది చేతిలోనే ఆగిపోయింది. కొంతసేపు కర్రను, మెత్తను మార్చి మార్చి చూశాడు.

"ముప్పై ఐదేండ్ల నుంచి పరుపులు కుడతాండా సార్," అన్నాడు చివరికి. "ఒక పెండ్లివాండ్లు పట్టు ముసుగు ఏయమంటే, వద్దప్పా, రేత్రి పెండ్లికొడుకు జారి కింద పడతాడని చెప్పి ముతక గాడాగుడ్డ ఏసినోన్ని నేను. నా బిడ్డకు మాత్రం పట్టు ఏసినా. దెబ్బ తగిలిందా దానికి?"

చంద్రప్ప కళ్ళు తిప్పుకుని కర్రను మళ్ళీ గోడకు ఆనించాడు. అల్లాబక్ష్‌కు అది చాలు.

"మెత్తగా ఉంటే చాలనుకుంటి సార్."

"మెత్తగానే ఉండాది. దూది ఇదే ఉండనీ. పైన గుడ్డ మారుద్దాం. గరుకుది కావాల, జారకుండా పట్టుకునేది."

ఇద్దరూ అంగడంతా వెతికారు. గాడా పలచన, గోనె గుచ్చుకుంటుంది. చంద్రప్పకు ఇంట్లో ఉన్న కంబళి గుర్తొచ్చింది. రొద్దం సంతలో గొర్రెల కాపరుల దగ్గర వెంకటలక్ష్మమ్మ బేరమాడి కొన్న నల్ల కంబళి. ఇంటికి వెళ్ళి బీరువాలోంచి తీశాడు. ఇంకా కొద్దిగా గొర్రె వాసన వస్తోంది. ఒక మూల ఎలుక కొట్టిన చోటు ఉంది. ఆ మూలనే కత్తిరించాడు. ఎలుక ముందే దారి చూపించడం మేలైంది, లేకపోతే కత్తెర పట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేవాడు.

అల్లాబక్ష్ గంటలో కుట్టేశాడు. ఈసారి కర్ర కదలలేదు. విప్పిన పట్టుముక్కను మడిచి, "పాపకే ఇస్తా, జడకు కట్టుకుంటాది," అన్నాడు.

*

బుధవారం సాయంత్రం చంద్రప్ప ఎర్రిస్వామిని ఒక పూట అడిగాడు.

"ఈ ఒక్క సాయంత్రం నాకియ్యబ్బా. రేపు నీ ఇష్టం. పేరు కొట్టేస్తే నేనేం అడ్డం రాను."

"ఏం చేస్తారు?"

తూటా నింపడం నేర్పడానికి క్లబ్బులో డమ్మీ తూటాలు ఉంటాయి. చూడటానికి అసలు తూటాలే. లోపల మందు ఉండదు. చంద్రప్ప వాటిని నాలుగు అడిగాడు. షహీన్ కళ్ళు మూసుకుని ఉంటే ఎర్రిస్వామి తూటా పెట్టాలి, అసలుదో డమ్మీదో చెప్పకూడదు.

ఎర్రిస్వామి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "పేలని తూటాతో కాల్చేది నేర్పిస్తారా సార్? నీళ్ళు లేని బావిలో ఈత నేర్పినట్ల ఉండాది."

"నీళ్ళు ఉండాయో లేవో తెలీకుండా దూకమంటాండా."

పవన్ నవ్వాడు. ఎర్రిస్వామికి కూడా మీసం కింద కొంచెం కదిలింది. సరేనన్నాడు.

కంబళి మెత్త సర్దుకుని షహీన్ పడుకుంది. మొదటిది అసలుది. పేలింది. "ఎనిమిది," అన్నాడు చంద్రప్ప. రెండోది డమ్మీ. టక్. మూతి వంగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. షహీన్ తల ఎత్తి తుపాకీ వైపు చూసింది. "అది నేనేనా సార్?"

"నువ్వు కాదు. నీ చెయ్యి. తన్ను వస్తాదని ముందే ఎదురు పోతాది. దాన్ని తిట్టొద్దు. దానికి నలభైసార్లు నేర్పిచ్చినాం, అది నేర్చుకుంది."

ఎర్రిస్వామి ఆ మాట విన్నట్టు కనిపించలేదు. ఇంకొకటి పెట్టాడు. డమ్మీ. మళ్ళీ వంగింది, ఈసారి కొంచెం తక్కువ. మరొకటి, డమ్మీయే. ఇంకా తక్కువ. తరువాత అసలుది. అది పేలినప్పుడు షహీన్ "ఓ" అంది, తలుపు తట్టకుండా చుట్టం లోపలికి వచ్చినట్టు.

"పది," అన్నాడు చంద్రప్ప. తానే నమ్మలేక మళ్ళీ టెలిస్కోపులో కన్ను పెట్టాడు. "పదే!"

పేలుతుందో లేదో తెలియనప్పుడు ఆమె చేతికి దేనికి సిద్ధం కావాలో తెలియలేదు. కాసేపటికి సిద్ధం కావడమే మానేసింది. ఎనిమిది అసలు గుళ్ళు, ఆ నాలుగు డమ్మీలే తిప్పి తిప్పి పన్నెండుసార్లు. చివరి డమ్మీకి మూతి మీద ఈగ వాలి ఉన్నా లేచిపోయేది కాదు.

పవన్ తనూ చూస్తానన్నాడు. మొదటి టక్‌కే అతని తుపాకీ ఢీ కొట్టబోయే పొట్టేలులా తల వంచింది. షహీన్ లేచి కూర్చుని చేతులు చరిచింది. "ఇప్పుడెవురు తన్నినారబ్బా?" పవన్ చెవుల దాకా ఎర్రబడి, టీ తెస్తానని బండి తీశాడు. రోడ్డు మీది హోటల్లో బజ్జీలు బాగుంటాయని షహీన్ కూడా వెనక ఎక్కింది.

ఇద్దరే మిగిలారు. ఎర్రిస్వామి కొంతసేపు చాపను చూస్తూ నిలబడి, చొక్కా చేతులు మడిచాడు.

"నాకు పెట్టండి సార్."

చంద్రప్పకు తూటా పెట్టడం తెలుసు గానీ ఎవరికీ ఎప్పుడూ పెట్టలేదు. ఒక జేబులో అసలువి, ఇంకొక జేబులో డమ్మీలు వేసుకున్నాడు. మొదటిది అసలుది పెట్టాడు. పది. రెండోదీ అసలుదే. పది. ఎర్రిస్వామి తుపాకీకి అతుక్కుపోయినట్టున్నాడు. చూడముచ్చటగా ఉంది. ఇక్కడితో ఆపేయొచ్చని చంద్రప్పకు అనిపించింది. కానీ పందెం కాదుగా ఇది, అడిగింది ఆయనే. మూడోది డమ్మీ పెట్టాడు.

టక్. మూతి వంగింది. ఎక్కువ కాదు, రెండు వేళ్ళంత.

కొండ మీద ఎక్కడో మేకలు అరుస్తున్నాయి. ఎర్రిస్వామి తల ఎత్తలేదు.

"ఇంగొకటి."

టక్. అదే రెండు వేళ్ళు.

"ఇంగొకటి."

ఆ తరువాత ఆయన లేచి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద ధూళి దులుపుకున్నాడు. "ఇరవై రెండేండ్లు సార్."

"సరిగ్గా నడుమ కొట్టినావు కదబ్బా. రెండూ పదే."

"కొట్టినా. వంగుతానే కొట్టినా. ఎంత వంగుతాదో చేతికి తెలుసేమో, అంత పైన పట్టుకుంటాంది." ఆయన తన కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎవరిదో భుజం తడిమినట్టు తడిమాడు. "నాకూ ఇట్లే నేర్పిచ్చిరి. వాపు మీద వాపు. అది తప్పని చెప్పినోళ్ళు లేరు."

రోడ్డు మీద బండి చప్పుడు వినిపించింది. చంద్రప్ప డమ్మీలు ఏరి డబ్బాలో వేశాడు, మూత పెట్టాడు. బజ్జీల వాసన ముందు వచ్చింది, తరువాత షహీన్ వచ్చింది.

"మాస్టర్ కూడా కాల్చినారా? ఎంత?"

"రెండు పదులు," అన్నాడు చంద్రప్ప. అది అబద్ధం కాదు.

ఎర్రిస్వామి ఆయన వైపు ఒకసారి చూశాడు. తరువాత జేబులోంచి లిస్టు తీశాడు. పెన్ను కూడా తీశాడు. కాగితం మీద చాలాసేపు చూసి, ఏమీ కొట్టేయకుండా, కింద సంతకం పెట్టాడు.

"రేపట్నుంచి నలభై లేవు," అన్నాడు. "ఎనిమిది. ముందర చిన్న తుపాకీ, తరువాత ఇది. డమ్మీలు నేను కలుపుతా."

*

ఇరవై మూడో తేదీ, ఆదివారం. ధర్మవరం అవతల, గుట్టల మధ్య రేంజి. ఎర్రిస్వామి పాత జీపులో తాళం వేసిన పెట్టె, దానిమీద కాళ్ళు పెట్టుకుని పవన్. వాళ్ళకంటే ముందే హజరాబీ వచ్చి, గొడుగు వేసుకుని, మూడంతస్తుల క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే షహీనా, నా పట్టు యాడ?"

షహీన్ వెనక్కి తిరిగి జడ చూపించింది. నెమలికంఠం రంగు ముడి.

"భుజానికని పంపిస్తే జడకు కట్టినావా?"

"భుజం గొర్రెలోళ్ళది అత్తా. జడ మాత్రం నీదే."

ఆడపిల్లలు ఏడుగురు. నలుగురి పేర్లు రాష్ట్ర శిబిరానికి వెళతాయి. పది గుళ్ళు, అన్నీ అసలువే. షహీన్ తన వంతు కోసం చాప పక్కన కూర్చుంది. అరచేతులు పదేపదే ప్యాంటుకు తుడుచుకుంటోంది. పక్క క్లబ్బు పిల్ల కాల్చిన ప్రతిసారీ ఆమె రెప్పలు ముందుగానే అదురుతున్నాయి.

ఎర్రిస్వామి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం చంద్రప్ప ఎప్పుడూ చూడలేదు.

"పాపా, ఒక మాట. బుధవారం మీరు బజ్జీలకు పోయినప్పుడు సార్ నాకూ డమ్మీ పెట్టినాడు."

"మీకా మాస్టర్?"

"నా మూతీ వంగింది. మూడుసార్లు పెడితే మూడుసార్లూ వంగింది."

షహీన్ నోరు తెరుచుకుంది. తుపాకీ పెట్టె మీద కూర్చున్న పవన్ లేచి నిలబడ్డాడు.

"నిజమా సార్?" అని చంద్రప్పను అడిగింది.

చంద్రప్ప టెలిస్కోపు తుడుస్తున్నాడు. "నాకేం తెలుసు పాపా. నేను టార్గెట్టు సూస్తాంటి."

"సూసినాడు. బాగా సూసినాడు," అన్నాడు ఎర్రిస్వామి. "మంచోడు కాబట్టి చెప్పలేదు. మొన్న నిన్ను భయం అంటి. అది భయం కాదు. అదే భయమైతే నాకూ ఇరవై రెండేండ్ల భయం ఉండాది. పో, నీ చేతిని నమ్ము. అది ఇప్పుడు నా చేతికంటే మంచిది."

షహీన్ నవ్వింది. మొదట చిన్నగా, తరువాత ఆపుకోలేక, చాప మీద పడుకున్నాక కూడా. రేంజి అధికారి ఒకసారి గద్దించాల్సి వచ్చింది. ఆ నవ్వుతో ఆమె వీపు వదులైంది. అది చంద్రప్ప టెలిస్కోపు లేకుండానే చూశాడు.

ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. అయిదోది అయిదు, కింద, ఎడమ. హజరాబీ గొడుగు దించేసింది. షహీన్ తొందరపడలేదు. తుపాకీ తెరిచి, తరువాతి తూటా చూడకుండా వేళ్ళతోనే పెట్టుకుని, కొంచెంసేపు కళ్ళు మూసుకుంది. ఇది పేలకపోవచ్చు అని తనకు తాను చెప్పుకుంటోందని చంద్రప్పకు అర్థమైంది. తొమ్మిది. పది. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది.

ఎనభై నాలుగు. మూడో స్థానం.

హజరాబీ క్యారియరు విప్పింది. పవన్ అందరికంటే ఎక్కువ తిని, అందరికంటే ఎక్కువ గట్టిగా ఫోనులో అల్లాబక్ష్‌కు చెప్పాడు. ఫోనులోంచి "కంబళి జారలేదు కదా?" అని వినిపించింది.

పెనుకొండ చేరేసరికి కొండ మీద చివరి ఎండ ఉంది. తుపాకీ పెట్టె దించారు. ఎర్రిస్వామి గొట్టంలోకి గుడ్డ దూర్చి లాగాడు. షహీన్ నూనె రాసింది. ఎవరి జాగాలో వాళ్ళు, ఎప్పటి పనే. తుపాకీని గోడకు నిలబెట్టి ఎర్రిస్వామి బయటికి వచ్చాడు.

"సార్, రేపు సాయంత్రం రాగలరా?" అని అడిగాడు, చంద్రప్ప వైపు చూడకుండా. "ఎవురో ఒకరు తూటాలు పెట్టాల కదా నాకు. అరవై ఏండ్ల చెయ్యి వింటాదో వినదో."

"వస్తాలే అబ్బా. అన్నం కూడా తెస్తా, ఒక గ్లాసు ఎక్కువే ఉంటాది."

ఎర్రిస్వామి ఇనుప తలుపు మీద చెయ్యి వేశాడు. షహీన్ కళ్ళు మూసుకున్నాయి, పవన్ కళ్ళూ మూసుకున్నాయి. చంద్రప్ప ఆపుకోవాలని చూశాడు, కాలేదు. ముగ్గురూ అలా నిలబడ్డారు.

ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి తలుపు మూసే ఉంది. ఎర్రిస్వామి అరచెయ్యి ఇంకా దానికి ఆనుకునే ఉంది. ఇంకో చేత్తో నెమ్మదిగా తాళం తిప్పుతున్నాడు.